తెలుగు క్రైస్తవుల కృతజ్ఞతాభావము: తుని ప్రాంతము ననుసరించి యొక పరిశీలనము

‘కృతజ్ఞత’ యనగా కృతమును, అనగా ఒకరు తనకు చేసిన మేలును, ఎరిగియుండుట. ఈ సంస్కృత పదము మన కావ్యభాషలో చిరకాలముగ నున్నదే యైనను, తెలుగు క్రైస్తవుల నిత్యవ్యవహారమున దీనికి కలిగిన ప్రచారము విశేషమైనది. రోగము కుదిరినను, బిడ్డ పుట్టినను, క్రొత్త యింట కాలు పెట్టినను, పిల్లవాడు పరీక్షలో నెగ్గినను, ఆ కుటుంబమువారు సంఘమును పిలిచి ‘కృతజ్ఞత కూడిక’ జరుపుదురు. కీర్తనలు పాడి, ప్రార్థించి, వచ్చినవారికి భోజనమో ఫలహారమో పెట్టి పంపుదురు. చదువురాని ముదుసలియు ‘కృతజ్ఞతార్పణ’ అను దీర్ఘసమాసమును తడబడక పలుకును. ఒక పండితపదము కూలివాడలలో నిట్లు ఇంటిమాట యగుట భాషాచరిత్రకారులు గమనింపదగిన విషయము.

ఈ భావమును గూర్చి రెండభిప్రాయములు వినవచ్చుచున్నవి. ఇది పాశ్చాత్య మిషనరీలు తెచ్చిపెట్టిన మర్యాద మాత్రమే యనునది మొదటిది. తెలుగువారి భక్తిసంప్రదాయమే పేరు మార్చుకొని దేవాలయమునుండి చర్చికి నడచినదనునది రెండవది. ఉభయపక్షములకు సరిపుచ్చు తీర్పునకు ‘తుని తగవు’ అని మనవారు పేరు పెట్టిరి. సగము వారిది, సగము మనది యని యట్టి తగవు తీర్చుట సులభమే గాని, దానివలన చరిత్ర తెలియదు. కావున ఆ తుని ప్రాంతమునే ఆధారముగా గొని, ఈ భావము ఏ పదములతో, ఏ పాటలతో, ఏ యాచారములతో రూపుదిద్దుకొన్నదో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

1. దేశకాలములు

తుని తాండవ నది యొడ్డున నున్న పట్టణము. నదికి ఆవలి వైపున పాయకరావుపేట. బ్రిటిషువారి కాలమున తుని జమీందారీ పట్టణమై, గోదావరి జిల్లాకు ఉత్తరపు టెల్లగా నుండెను. 1925లో జిల్లా విభజనము జరిగినపుడు తూర్పు గోదావరిలో చేరినది. 2022 నుండి కాకినాడ జిల్లాలో నున్నది. 1852 నాటికి పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట డెల్టా గ్రామముల దశను మార్చినది గాని, ఆ కాలువల నీరు తుని దాక రాలేదు. ఇచ్చటి మెట్టరైతు వానమబ్బును నమ్ముకొన్నవాడు. ఈ విషయము మన ప్రసంగమునకు పనికివచ్చును. కాలువనీటికి సర్కారుకు పన్ను కట్టవలెను. వాన కురిసినందుకు ఎవరికి చెల్లింపవలెనను ప్రశ్న మెట్టసీమలో ప్రతి సంవత్సరమును పుట్టుచుండును.

ఈ తీరమున ప్రొటెస్టెంటు క్రైస్తవ ప్రచారము 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన లండన్ మిషను వారితో మొదలైనది. జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అనువారు ఆనందరాయరు అను తెలుగెరిగిన బ్రాహ్మణ క్రైస్తవుని సహాయమున సువార్తలను తెనిగింప నారంభించిరి. 1836లో ఇంగ్లండునుండి బయలుదేరివచ్చిన విలియం బౌడన్, జార్జి బీర్ అను వారు నరసాపురము కేంద్రముగా గోదావరి డెల్టాలో పనిచేసిరి. రాజమహేంద్రవరమున లూథరన్ సంఘములు వెలసినవి. ఇవన్నియు తునికి ఇరువైపుల జరిగిన యత్నములు.

తుని ప్రాంతమున స్థిరపడినది కెనడా బాప్టిస్టు మిషను. దానికి మూలపురుషుడు కెనడావాడు కాడు. తామస్ గాబ్రియేలు అను తెలుగువాడు. ఆయన తంతివార్తా శాఖలోని సర్కారు కొలువు విడిచి కాకినాడ ప్రాంతమున బోధించుచు, ఆర్థికముగా నిలువలేక కెనడా సంఘముల సహాయము నర్థించెను. 1874లో జాన్ మెక్లారిన్ కాకినాడకు వచ్చి ఆ పనిని చేపట్టెను. మరుసటి సంవత్సరారంభముననే గాబ్రియేలు కాలధర్మము చెందెను. 1878లో జి. ఎఫ్. కర్రీ తునిలో మిషను కేంద్రమును స్థాపించెను. 1882లో సామర్లకోటలో బోధకులకు వేదాంత పాఠశాల యేర్పడినది. ఈ వరుసలో గమనింపవలసిన దేమనగా, పిలిచినది తెలుగువాడు, వచ్చినది విదేశీయుడు. అందుచేత మొదటి అభిప్రాయము ప్రారంభముననే కొంత సడలుచున్నది.

1878 అను సంవత్సరము మరియొక విధమునను జ్ఞాపకముంచుకొనదగినది. 1876–78 నాటి మహాక్షామము మదరాసు రాజధానిని పీడించిన కాలమది. ఆ యేటి జూలై 3న ఒంగోలు ప్రాంతమున ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. గంజికొరకు మతము మార్చుకొన్నారను నింద అప్పటినుండియే బలపడినది. అచ్చటి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువ త్రవ్వకమున కొంత భాగమును గుత్తకు తీసికొని బీదలకు పని కల్పించెను. కరవు సహాయము నడచినంతకాలము బాప్తిస్మము లిచ్చుట నిలిపివేసెను. అయినను నింద నిలిచినది. ‘మీ కృతజ్ఞత దేవునికా, దొరకా?’ అను ప్రశ్న తెలుగు క్రైస్తవుని వెన్నంటియే వచ్చినది. తుని సంఘము ఆ ప్రశ్న పుట్టిన యేటనే పుట్టినది.

2. పదముల సాక్ష్యము

గ్రీకు నూత్ననిబంధనమున దేవుని కృపకు ‘ఖారిస్’ అని పేరు. కృతజ్ఞతకు ‘యూఖరిస్తియా’ అని పేరు. రెండును ఒకే ధాతువునుండి పుట్టినవి. ఇచ్చుట, ఇచ్చినదాని నెరుగుట అనునవి గ్రీకు చెవికి ఒకే మాటకు రెండు కొసలుగా వినబడును. ప్రభురాత్రి భోజన సంస్కారమునకు ఆది సంఘమువారు పెట్టిన పేరును ‘యూఖరిస్తియా’యే.

తెలుగు అనువాదకులకు ఇట్టి సౌలభ్యము లేదు. ‘కృప’ జాలిపడుట యను నర్థము గల ధాతువునుండి వచ్చినది. ‘కృతజ్ఞత’ చేయుట, తెలియుట యను రెండు ధాతువుల కూర్పు. వ్యుత్పత్తిలో బంధుత్వము లేదు. కాని రెండు పదములును ‘కృ’కారముతో నారంభమగుటచేత, పాటలోను ప్రార్థనలోను ప్రక్కప్రక్కన పడినపుడు ఒక సహజమైన ప్రాసబంధ మేర్పడినది. గ్రీకులో ధాతువు చేసిన పనిని తెలుగులో శబ్దము చేసినది. కతోలికులు ఇదే భావమునకు ‘వరప్రసాదము’ అను మాటను గ్రహించిరి. వరము దేవత ఇచ్చునది. ప్రసాదము పూజానంతరము చేత పెట్టునది. దీనిలో గుడివాసన స్పష్టము. ప్రొటెస్టెంటులు ‘కృప’ను ఎన్నుకొనుటలో ప్రసాదశబ్దమును దూరముగ నుంచినట్లు తోచును గాని, వైష్ణవభక్తిలో ‘కృప’కు గల ప్రాచుర్యము తక్కువది కాదు. రెండు శాఖలును తెలుగువారి భక్తిభాషనుండియే అప్పు తెచ్చుకొన్నవి. తెచ్చుకొన్న యిండ్లు మాత్రము వేరు.

‘అనుదినాహారము’ అను ప్రార్థనాపదమును చూడుడు. మూలమున నున్నది రొట్టె. ప్రభురాత్రి భోజన ఘట్టమున రొట్టెను రొట్టెగానే యుంచిన అనువాదకులు, పరలోక ప్రార్థనలో మాత్రము ఆహారము అనిరి. వరియో చోడియో తిను ప్రజ దినదినము రొట్టె యడుగుట యసహజమని వారెరిగిరి. ఈ చిన్నమార్పు వలన, పొయ్యిమీది కుండయే ప్రార్థనకు విషయమైనది. అన్నము ముందు కూర్చుండి కన్నులు మూసికొను ఆచారము తెలుగువారికి పూర్తిగ క్రొత్తదియు కాదు. భోజనపంక్తిలో గోవిందనామము స్మరించి మొదటి ముద్ద యెత్తుట మన సమాజమున నున్నదే.

అన్నిటికంటె ఆసక్తికరమైనది ‘విశ్వాసము’. సంస్కృతమున నమ్మకమనియే దీని యర్థము. తెలుగులో దీనికి మరియొక యర్థము కలిగినది. అన్నము పెట్టిన చేతిని మరువకుండుటను మనవారు విశ్వాసమందురు. ‘ఉప్పు తిన్న విశ్వాసము’, ‘కుక్కకున్న విశ్వాసము’ అను పలుకుబళ్లలో నున్నది నమ్మకము కాదు, కృతజ్ఞతయే. బైబిలు అనువాదకులు దేవునియందలి నమ్మికకు ‘విశ్వాసము’ అను పదమును, నమ్మినవానికి ‘విశ్వాసి’ అను పదమును వాడినపుడు ఈ రెండవ యర్థము తమంతట తలచిరో లేదో గాని, వినువారి చెవిలో అది మ్రోగక మానదు. తెలుగు పల్లెలో ‘నేను విశ్వాసిని’ అని పలుకువాడు ‘నేను నమ్మినవాడను’ అనియు, ‘తిన్న ఉప్పు మరువనివాడను’ అనియు ఒకేసారి చెప్పుచున్నాడు. గ్రీకు ధాతువు కృపను కృతజ్ఞతను కలిపినది. తెలుగు నుడి నమ్మికను కృతజ్ఞతను కలిపినది. ఈ రెండవ కలయిక ఏ మిషనరీయు తెచ్చినది కాదు.

3. కీర్తనముల సాక్ష్యము

తెలుగు క్రైస్తవ కీర్తనకు పితామహుడుగా పరిగణింపబడువాడు పురుషోత్తమ చౌదరి (1803–1890). గంజాము సీమలో బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, 1833లో కటకమున బాప్తిస్మము పొంది, ఉత్తర సర్కారులందు బోధకుడుగ తిరిగెను. ఆయన నూరింటికి పైగా కీర్తనలు రచించెను. పల్లవి, చరణము, రాగతాళ నిర్దేశము గల ఆ రచనలు మన సంకీర్తన సంప్రదాయమునకు చెందినవి. విశాఖపట్టణపు పులిపాక జగన్నాథము మొదలగువారు ఆ త్రోవనే నడచిరి. నేటికిని ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను సంపుటమున పాటపై రాగతాళముల పేరులు ముద్రింపబడుచున్నవి. రాజమహేంద్రవర సమీపమందలి జేగురుపాడున జన్మించి, లూథరన్ సంఘమున పనిచేసి, 1938లో బైబిలు మిషను స్థాపించిన ముంగమూరి దేవదాసు స్తుతినే సాధనగా బోధించెను. ఆయన కీర్తనలు గోదావరి మండలమున మిక్కిలి వ్యాప్తిలో నున్నవి.

ఈ కీర్తనలలో కృతజ్ఞత యొక జాబితారూపము దాల్చుట పరిశోధకులు గమనింపవలెను. రాత్రి కాపాడినందుకు, కన్నులు తెరచినందుకు, గాలికి, వెలుగునకు, కూటికి, గుడ్డకు అని మేళ్లను వరుసగ లెక్కించుట వీనిలో తరచు కనబడును. హెబ్రీ కీర్తనలలో, ముఖ్యముగ నూటమూడవ కీర్తనలో, ఉపకారములను ఒక్కొక్కటిగ జ్ఞప్తికి తెచ్చుకొను పద్ధతి కలదు. మన శతకములలోను, నామసంకీర్తనలోను గుణములను వరుసగ గానముచేయు పద్ధతి కలదు. రెండు ప్రవాహములు ఇచ్చట కలిసినవి. అయితే ఒక భేదము నుపేక్షింపరాదు. దశావతార స్తుతిలో భగవంతుని లీలలు వర్ణితములు. ఈ కీర్తనలలో పాడువాని నిన్నటి దినము వర్ణితము. సామాన్యుని దైనందిన జీవితము, వాని జ్వరము, వాని ప్రయాణము, వాని పంట, గేయవస్తువులైనవి. తెలుగు గేయచరిత్రలో దీనికొక స్థానము కలదని చెప్పుట సాహసము కాదు.

4. మ్రొక్కు, కృతజ్ఞతార్పణ

తునికి సమీపమున లోవ తలుపులమ్మ తల్లి క్షేత్రమున్నది. మ్రొక్కుబళ్లు చెల్లింప వచ్చువారితో ఆ లోయ నిండియుండును. కొంత దూరమున అన్నవరపు రత్నగిరిపై శ్రీ సత్యనారాయణస్వామి ఆలయమున్నది. దాని స్థాపన 1891లో జరిగినది. అనగా తుని మిషను కేంద్రము తరువాత పదమూడేండ్లకు. కృతజ్ఞతను గూర్చిన రెండు బోధలు ఒకే సీమలో ఒకే తరమువారి చెవిని పడినవన్నమాట.

సత్యనారాయణ వ్రతకథలోని సాధువను వర్తకుడు సంతానము కొరకు వ్రతము చేసెదనని మ్రొక్కి, కోరిక తీరిన పిమ్మట వాయిదా వేయుచు పోయి కష్టముల పాలగును. కూతురు కళావతి ప్రసాదము విడిచి పరుగెత్తుటచే మరల నాపద వచ్చును. లూకా సువార్త పదునేడవ అధ్యాయమున పదిమంది కుష్ఠరోగులు స్వస్థులగుదురు. తిరిగివచ్చి కృతజ్ఞత తెలిపినవాడు ఒక్కడే, వాడును అన్యుడుగ నెంచబడిన సమరయుడు. రెండు కథలును మరపును గూర్చినవే. మనుష్యుడు మేలు పొందినంత త్వరగ దానిని మరచునని రెండును చెప్పుచున్నవి. కాని మరచినందుకు వర్తకునికి దండనము కలిగినది. తొమ్మండుగురికి కలిగిన స్వస్థత తిరిగి తీసికొనబడినట్లు సువార్తలో లేదు. మ్రొక్కులో కోరిక ముందు, ఒప్పందము తరువాత, చెల్లింపు చివర. కృపాసిద్ధాంతమున ఈవి ముందు, ఎరుక తరువాత. చెల్లింపు ఋణము కాదు.

సిద్ధాంత మిట్లుండగా, ఆచారము దానికి సర్వదా లోబడలేదు. ‘బిడ్డ బ్రతికిన యెడల గుడికి గంట యిచ్చెదను’ అను తరహా మాటలు క్రైస్తవ కుటుంబములలోను వినబడుచునే యున్నవి. బోధకులు దీనిని మందలించిరి. మందలించుచునే ఆ యర్పణను స్వీకరించిరి. కృతజ్ఞతార్పణ యను పదము మ్రొక్కుబడి యను పదమును తొలగించినది గాని, దాని చోటనే కూర్చున్నది. దీనిని లోపమని కొట్టివేయుటకంటె, ప్రజలు ఒక క్రొత్త సిద్ధాంతమును తమ పాత జీవితములో నెట్లు ఇముడ్చుకొందురో తెలుపు నిదర్శనముగ గ్రహించుట చరిత్రకారుని ధర్మము.

5. పంట పండుగ

గోదావరి మండలపు సంఘములలో కోతలయిన పిమ్మట పంట పండుగ జరుపుదురు. ధాన్యము, బియ్యము, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, కోళ్లు, గ్రుడ్లు, బెల్లము, ఎవరికి కలిగినది వారు తెచ్చి బల్లయెదుట నుంచుదురు. ఆరాధనానంతరము వానిని వేలము వేయుదురు. ఒకడు తెచ్చిన గుమ్మడికాయను మరియొకడు దాని వెలకు మించి పాడి కొనుట ఈ వేలములో సాధారణము. ప్రతిదినము వంటకు ముందు ఇల్లాలు పిడికెడు బియ్యము తీసి వేరు కుండలో వేసి ఆదివారము గుడికి తెచ్చు ఆచారము తెలుగు సంఘములలో పలుచోట్ల కలదు.

దీనిని పాశ్చాత్యుల ప్రాచీనాచారమునకు అనుకరణమని తలచుట కలదు. అది సరికాదు. ఇంగ్లండులో చర్చియందు జరుపు పంట పండుగకు నేటి రూపమిచ్చినది కార్న్‌వాల్ సీమలోని మార్వెన్‌స్టో గ్రామపు గురువు రాబర్ట్ హాకర్, సంవత్సరము 1843. కెనడాలో జాతీయ కృతజ్ఞతాదినము 1879 నుండి ఏటేట ప్రకటింపబడినది. తుని కేంద్రము అంతకు ఒక యేడు పెద్దది. కావున విదేశీయులకును ఈ పండుగ అప్పటికి క్రొత్తదే. మనదేశమున క్రొత్త ధాన్యముతో పొంగలి వండి దైవమునకు నివేదించుట అంతకంటె నెంతో పూర్వాచారము. 1912లో దోర్నకల్లు బిషపుగ అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘమున బిషపైన మొదటి భారతీయుడుగ ప్రసిద్ధికెక్కిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, పల్లెసంఘములు తమ పంటలో భాగమునిచ్చి తమ కాళ్లపై నిలువవలెనని బోధించి, క్రైస్తవ దానమును గూర్చి గ్రంథము వ్రాసెను. ఆయన బోధలో పంట పండుగ కేవలము వేడుక కాదు. సంఘము పరాధీనము కాకుండుటకు సాధనము.

6. ఇచ్చుచేయి

ఈ విషయమంతటికిని ప్రాణమైన అంశ మిచ్చటనున్నది. ఈ సంఘములలో చేరినవారిలో అధికసంఖ్యాకులు మాల మాదిగ వాడలవారు. పాలేరుతనమో, కూలియో జీవనాధారముగ గలవారు. ఆనాటి గ్రామవ్యవస్థలో వారికి కృతజ్ఞత క్రొత్తది కాదు. ఆసామి కొలిచిన గింజలకు విశ్వాసముగ నుండుమని తరతరములుగ చెప్పబడిన వారే వారు. తాము చెమటోడ్చి పండించిన ధాన్యమే తమకు దయగ పెట్టబడినట్లు భావింపవలసివచ్చెడిది. కృతజ్ఞత వారిపై మోపబడిన బరువు.

అట్టివాడు పంట పండుగనాడు తన కూలిగింజలలో ఒక శేరు తెచ్చి బల్లయెదుట పోసినపుడు రెండు మార్పులు జరిగినవి. వాని కృతజ్ఞతకు చిరునామా మారినది. అన్నము పెట్టినవాడు ఆసామి కాడు, వానను కురిపించినవాడని వాడు బహిరంగముగ పలికెను. రెండవది, ఎల్లపుడు పుచ్చుకొనువాడుగ నున్నవాడు ఇచ్చువాడాయెను. ఇచ్చుటకు కలిమి యవసరము గాని, పిడికెడు బియ్యమును కలిమిగ గణించు లెక్క వానికి దొరికినది. ‘బియ్యము కొరకు మతము పుచ్చుకొన్నారు’ అను నిందకు ఆ సంఘముల యిల్లాండ్రు వాదముతో గాక బియ్యముతోనే ప్రత్యుత్తరమిచ్చిరని చెప్పవచ్చును.

అయితే ఈ చిత్రమునకు వేరొక పార్శ్వమును గలదు. ఆసామి స్థానమున దేవుడే గాక, కొన్నియెడల మిషను దొరయు కూర్చుండెను. బడి, ఆసుపత్రి, ఉద్యోగము దొరచేతిమీదుగ వచ్చినపుడు, ఆ మేళ్లకు స్తుతి ఎవరికి చెందవలెనను విషయమున కలత తప్పదు. కెనడా స్త్రీలు తమ సంఘములలో పైసలు కూడబెట్టి పంపిన సొమ్ముతో ఈ సంస్థలు కొంతవరకు నడచినవి; నోవాస్కోషియాలో 1870లోనే హానా నోరిస్ అట్టి స్త్రీసమాజముల నారంభించెను. వారిదియు కృతజ్ఞతార్పణయే. కాని సముద్రము దాటి వచ్చిన యర్పణ ఇచ్చట దానముగ కనబడినది. ఇచ్చిన చేతికిని పుచ్చుకొన్న చేతికిని గల యీ దూరమును తగ్గించుటయే తరువాతి కాలమున స్వయంపోషణోద్యమమునకు, సంఘముల నాయకత్వము తెలుగువారి చేతికి వచ్చుటకు హేతువైనది. ఉత్తర సర్కారు బాప్టిస్టు సంఘముల సమాఖ్య ఆ పరిణామమునకు ఫలము.

7. ఉపసంహారము

పైన పరిశీలించిన సాక్ష్యమువలన తేలునది యిది. తుని ప్రాంతపు క్రైస్తవ కృతజ్ఞతాభావమునకు సిద్ధాంతము బైబిలునుండి వచ్చినది. పదసంపద మన భక్తిభాషనుండియు పల్లెనుడినుండియు వచ్చినది. గానరూపము సంకీర్తనమునుండి వచ్చినది. పండుగ రూపము ఇరుదేశముల సమకాలిక సృష్టి. వీనినన్నిటిని ఒకచోట చేర్చి వానికి సాంఘికార్థమును కల్పించినవారు మాత్రము పేరు తెలియని కూలిజనము. విదేశీయమా, స్వదేశీయమా యని తగవు పెట్టుకొనువారు ఈ మూడవ కర్తను మరచుచున్నారు.

పరిశోధక విద్యార్థులకు ఈ రంగమున చేయవలసిన పని చాల కలదు. సంఘముల అర్పణల పుస్తకములు, ఆదివారపు లెక్కల కాగితములు, చేతివ్రాత కీర్తన పుస్తకములు, సమాధిఫలకముల శాసనములు తెలుగు గద్యచరిత్రకు ఆధారములని ఇప్పటికిని మనవారు తగినంతగ గుర్తింపలేదు. ఎవరు ఎన్ని సోలల బియ్యమిచ్చిరో, ఏ మేలునకిచ్చిరో వ్రాసియుంచిన పుట యొక కాలపు జీవితచరిత్ర. గ్రామవారీగ ఇట్టి పత్రములను సేకరించి, వానిలోని పదములను పట్టికలుగ వ్రాసి, కీర్తనలతోను మ్రొక్కుబడి పాటలతోను పోల్చి చూచినచో, ‘విశ్వాసము’ వంటి పదముల యర్థపరిణామము స్పష్టపడును. చెదలు, తేమ మన కొరకు వేచియుండవు. ఒకరు చేసిన మేలు నెరుగుట కృతజ్ఞతయైనచో, ఆ యెరుకను వ్రాసియుంచిన కాగితములను కాపాడుట విద్వాంసుల పాలి కృతజ్ఞత.